బావ కుర్చీ

"ఏమే, ఆ ఉద్యోగం వద్దన్నావట?"

వంటింటి గుమ్మంలో నిలబడి అక్క అడిగింది. చేతిలో చెల్లెలి ఫోన్ ఉంది. దొంగ సొత్తు దొరికినట్టు దాన్ని పైకెత్తి చూపించింది.

మేజర్ అప్పుడే పరుగు ముగించుకుని వచ్చి, బల్ల దగ్గర కూర్చుని రొట్టె ముక్క తుంచబోతోంది. చెయ్యి ఆగిపోయింది.

"నా ఫోన్ నువ్వెందుకు తీశావు?"

"ఆగకుండా మోగుతుంటే తీయనా? నువ్వేమో వీధులు కొలవడానికి పోయావు. ఎవరికేం ఆపదో అనుకున్నాను. మీ ఉద్యోగాలిప్పించే ఆఫీసాయన. ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావు. మీ చెల్లెలుగారికి మీరైనా నచ్చజెప్పండమ్మా, ఇలాంటిది మళ్లీ రాదు అన్నాడు. వచ్చిందనే నాకు తెలీదు, ఇంక నచ్చజెప్పడం ఎక్కడ."

బల్ల అవతల బావ టీ కప్పు కింద పెట్టాడు. మరదలు సైన్యంలో మేజరయిన రోజు నుంచీ ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఆయన్ని చూసి వీధి వీధంతా మేజర్ అనే పిలుస్తోంది. యూనిఫారం విప్పేసి వచ్చి ముందు గదిలో మడత మంచం మీద పడుకుంటున్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

"మేజరూ, ఇది మూడోది కదూ?" అన్నాడు బావ. "మొదటిది సెక్యూరిటీ గార్డుల మీద పెత్తనం. వద్దన్నావు, బాగుంది. రెండోది బీమా అమ్మడం. అదీ వద్దన్నావు, ఇంకా బాగుంది. నువ్వు ఎదురుగా నిలబడి పాలసీ తీసుకోమంటే జనం భయంతో సంతకాలు పెట్టేస్తారు. మరి దీనికేమొచ్చింది?"

ఆయన ముఖంలోకి చూడలేక మేజర్ రొట్టె వైపు చూసింది.

"పని నచ్చలేదు."

"ఏం పని?"

"సరుకు రవాణా."

"అది నా లైనే కదా," అని బావ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "సైన్యంలో నువ్వు చేసిందీ అదే. లారీలు, డీజిలు, సామాను. ఇంకేం కావాలి? ఏ కంపెనీయో చెప్పు. ఈ ఊళ్లో లారీలు నడిపేవాళ్లలో నాకు తెలీనివాడు లేడు. ఒక మాట చెప్పమంటే చెప్తాను."

"పేరు బయటికి చెప్పకూడదని నా దగ్గర రాయించుకున్నారు బావా."

"ఓహో. సైనిక రహస్యం."

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. మేజర్ రొట్టె పళ్లెం పక్కకి జరిపింది.

కంపెనీ పేరు ఆమెకీ మొన్నటిదాకా తెలియదు. చివరిదాకా చెప్పకపోవడం ఆ నియామక సంస్థ పద్ధతి. రెండు ఇంటర్వ్యూలూ హోటల్ గదుల్లోనే జరిగాయి. పోయిన ఆదివారం, సెలవు రోజయితే ఎవరి కంటా పడమని, కంపెనీ పెద్దమనిషి ఒకాయన ఆమెని గోదాము చూపించడానికి తీసుకెళ్లాడు. గేటు మీద బావ కంపెనీ పేరు చూసి ఒక్క క్షణం ఆగింది. ఇంత పెద్ద కంపెనీలో వేరే ఏదో ఉద్యోగమయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంటూ లోపలికి నడిచింది. అద్దాల గది తలుపు తీసి, "ఇదే మీ సీటు. ఇప్పుడున్నాయన వెళ్లిపోతున్నాడు, ఆయనకింకా తెలీదనుకోండి," అన్నాడా పెద్దమనిషి. ఆ కుర్చీలో నడుముకి ఆనించుకునే దిండు ఉంది. పాత కర్టెను గుడ్డతో అక్క కుట్టిన దిండు.

బావ లేచి నడుముకి బెల్టు బిగించుకున్నాడు. నొప్పి ఎక్కువైన రోజుల్లో అది కట్టుకుంటాడు. చెప్పులేసుకుంటూ, భార్య వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"ఇల్లు ఇరుకని, మేమేదో అనుకుంటామని తొందరపడి ఏదో ఒకదాంట్లో చేరిపోకు. నచ్చేదాకా ఉండు. మీ అక్క అరుస్తుంది. అరవనీ, అది దాని ఒంటికి మంచిది."

ఆ మాటకి తల ఊపడం కూడా కష్టమయింది మేజర్‌కి.

గేటు చప్పుడయ్యాక అక్క బయటికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఆయన ముందు చెప్పలేనిదేమిటి?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే నాలుగు రోజుల్నుంచి ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడేంటి? తెల్లారకముందే లేస్తావు. దుప్పటి ముడత లేకుండా పరుస్తావు. ఆ తర్వాత చేయడానికేం లేక దాన్ని మళ్లీ తీసి పరుస్తావు. నేను చూడట్లేదనుకున్నావా?"

"నాకు పనుంది, బయటికెళ్లాలి."

"అడిగితే చాలు, బయటికెళ్లాలి. చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు."

మేజర్ లేచి చొక్కా మార్చుకుంది. అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు వీధి మలుపు దాకా వినబడుతూనే ఉంది.

* * *

నియామక సంస్థ ఆఫీసు ఒక చెప్పుల దుకాణం పైన ఉంది. బయటి గదిలో కుర్చీల మీద మనుషులు వరసగా కూర్చున్నారు. వీపు ఆనించకుండా నిటారుగా కూర్చున్నవాళ్లంతా యూనిఫారం విప్పి వచ్చినవాళ్లే. నీలం చొక్కా తొడుక్కున్న ఒకాయన పెదాలు కదుపుతూ ఇంటర్వ్యూలో చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటున్నాడు. "నా జవాన్లు" అనకూడదు, "నా టీమ్" అనాలి. "ఆదేశించాను" అనకూడదు, "సమన్వయం చేశాను" అనాలి. మేజర్ చేత కూడా అదే పాఠం చదివించారు.

పొద్దున ఫోన్ చేసిన కన్సల్టెంటు ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. నౌకాదళం ఓడ మీద వైర్‌లెస్ గదిలో పనిచేసి వచ్చినవాడు. ఎవరితో మాట్లాడినా "మనం మనం ఒకటి కదా" అంటాడు.

"కూర్చోండి మేడమ్. మీకోసమే చూస్తున్నాను."

ఆమె కూర్చోలేదు.

"వద్దని చెప్పాక మళ్లీ ఎందుకు ఫోన్ చేశారు? అదీ మా అక్కతో ఎందుకు మాట్లాడారు?"

"మీ నంబరుకే చేశాను. ఆవిడ ఎత్తారు. ఇకపోతే వద్దన్నది మీరేదో చిరాకులో అన్నారనుకున్నాను."

"చిరాకు కాదు. ఆ సీట్లో ఉన్నాయన మా బావ. ఆయన ఇంట్లోనే ఉంటున్నాను నేను."

కన్సల్టెంటు చేతిలో పెన్ను తిప్పడం ఆపాడు.

"నాకు తెలీదు మేడమ్. నిజంగానే తెలీదు."

"తెలిసుంటే చెప్పేవారా?"

"చెప్పేవాణ్ని కాదు."

ఆ సూటిదనానికి మేజర్ తడబడింది. ఆయనే కుర్చీ చూపించాడు. ఈసారి కూర్చుంది.

"మాకు డబ్బిచ్చేది కంపెనీ," అన్నాడు ఆయన. "మా క్లయింటు వాళ్లు, మీరు కాదు. మేం వాళ్లకి చూపించే సరుకు మీరు. మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది. కానీ ఎవరికీ చెప్పను. చెప్తే బయట ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చోరు."

"ఆయన చేసిన తప్పేంటి?"

"తప్పేం లేదు. యాజమాన్యం మారింది. డ్రైవరు కంటినిండా నిద్రపోయి లేచేదాకా లారీ గేటు దాటదంటాడట మీ బావ. కొత్తవాళ్లకి అది గిట్టలేదు. మిలిటరీ మనిషయితే చెప్పిన టైముకి బండి కదిలిస్తాడు, ఎందుకని అడగడు అని వాళ్ల లెక్క. మమ్మల్ని వాళ్లు అడిగిందే అది. మిలిటరీ మనిషి కావాలని."

మేజర్‌కి ఒళ్లు మండింది. ఎన్నేళ్లు ఆ కొండ దారుల్లో లారీల వరసలు నడిపింది తను. రాత్రి నిద్రలేని వాణ్ని స్టీరింగ్ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి పై అధికారి మనిషినే బండి దింపేసి, సామాను ఒక పూట ఆలస్యంగా చేర్చి, దానికి మాట కూడా పడింది. ఎందుకని అడగని మనిషినని వీళ్లకెవరు చెప్పారు?

"మిలిటరీ అంటే వాళ్లు ఏమనుకుంటున్నారు?"

"ఏదో ఒకటి అనుకుంటున్నారు కాబట్టే మేడమ్, మనకి ఉద్యోగాలు దొరుకుతున్నాయి."

బయట గదిలో ఎవరో దగ్గారు. కన్సల్టెంటు ముందుకు వంగాడు.

"ఒకటి అడుగుతాను. కొత్త చోటికి పోస్టింగ్ వస్తే, అక్కడున్న ఆఫీసరు మీ స్నేహితుడని వెళ్లడం మానేశారా ఎప్పుడైనా?"

"అక్కడ ఒకణ్ని లేపేముందు ఇంకో కుర్చీ చూపిస్తారు. నడిరోడ్డు చూపించరు."

ఆయన ఆ మాట దాటేశాడు.

"మీరు వద్దంటే ఇంకొకరు వెళ్తారు. బయట నీలం చొక్కా ఆయన ఉన్నాడు చూడండి, రేపే పంపగలను. మీ బావ మాత్రం ఎలాగూ ఉండడు. మీరు మానేసి ఆయనకి చేసే మేలేంటి?"

"మేలు చేస్తానని అనలేదు. నేను చెయ్యనన్నాను. వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి ఆ మాట చెప్పండి, నా ముందు."

"వాళ్ల పెద్దాయన మీటింగులో ఉంటాడు ఇప్పుడు. సాయంత్రం లోపల నేనే మాట్లాడతాను," అని కన్సల్టెంటు లేచాడు. తలుపు దాకా వచ్చి, మెల్లగా అన్నాడు. "మనం మనం ఒకటి కాబట్టి చెప్తున్నాను. మాట బయట పెట్టనని సంతకం చేశారు. ఇంట్లో కూడా అనకండి. వాళ్లు ఊరుకోరు, మాకూ చుట్టుకుంటుంది. ఇంకో సంస్థకి వెళ్లకూడదని కూడా అందులోనే ఉంది, గుర్తుంది కదా."

గుర్తుంది. ఆ రోజు సంతకం చేసేటప్పుడు అదేదో తనని గట్టిగా పట్టించుకునే మనుషుల పద్ధతిలా అనిపించింది. మెట్లు దిగుతుంటే వల్లె వేసుకుంటున్న నీలం చొక్కా ఆయన ఆమెని చూసి లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చున్నాడు.

ఇంటికి సరాసరి వెళ్లబుద్ధి కాలేదు. కాళ్లే ఆమెని గోదాము వైపు లాక్కెళ్లాయి. గేటు అవతల నుంచే చూసింది. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఒక దాని తలుపు తెరిచి ఉంది. సీటు మీద అడ్డంగా పడుకున్న డ్రైవరు పాదాలు బయటికి వేలాడుతున్నాయి. అద్దాల గదిలో ఎవరో ఫోనులో మాట్లాడుతున్నారు. బావేనేమో, మెరుస్తున్న అద్దం మీద ఎండ పడి ముఖం కనిపించలేదు. కనిపించేదాకా నిలబడే ధైర్యం ఆమెకి లేకపోయింది.

* * *

అక్క డాబా మీద బట్టలు తీస్తోంది.

"అక్కా, కాసేపు కూర్చో."

"నేను కూర్చుంటే ఇవెవరు మడుస్తారు?"

మేజర్ దండెం అవతలి కొసకి వెళ్లి తనూ బట్టలు తీయడం మొదలుపెట్టింది. దుప్పటి ఒకటి ఇద్దరి మధ్యా అడ్డంగా వేలాడుతోంది. అక్క ముఖం కనబడకపోవడమే మేలయింది. ఆదివారం నుంచి జరిగినదంతా చెప్పేసింది. పెద్దమనిషి చూపించిన గది, దిండు, ఇందాక కన్సల్టెంటు అన్న మాటలు, ఏదీ దాచలేదు. సంతకం సంగతి గుర్తొచ్చింది. అప్పటికి సగం చెప్పేసింది.

మేజర్ దుప్పటి లాగేసింది. అక్క బావ చొక్కా పట్టుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి మడిచి, రెండో చెయ్యి ఎలా మడవాలో మర్చిపోయినట్టు చూస్తోంది.

"ఆయనకి తెలుసా?" అంది చివరికి.

"తెలీదు."

"ఎప్పుడు తీసేస్తారు?"

"కొత్తవాళ్లు దొరకగానే."

అక్క చొక్కా మడిచింది. నచ్చలేదు. విప్పి మళ్లీ మడిచింది.

"అయితే నువ్వు చేరు."

మేజర్ తను సరిగ్గా వినలేదేమో అనుకుంది.

"చేరమంటున్నాను. ఎవరో ఒకరు కూర్చుంటారు కదా అందులో. ఎవడో ముక్కూ మొహం తెలీనివాడు కూర్చుంటే ఆయన రోడ్డున పడతాడు. నువ్వయితే కింద ఏదో ఒక పనిలో ఉంచుకోవచ్చు. నీ మాట వింటారు వాళ్లు."

"బావ నా కింద చేస్తాడా?"

"చేస్తాడు. నేను చేయిస్తాను."

"అక్కా, వాళ్లు నన్ను తీసుకునేది ఎందుకో చెప్పానుగా. ఆ డ్రైవర్లని నిద్రపోనివ్వకూడదు. బావ ఇన్నాళ్లూ నిలబెట్టినదాన్ని నా చేత పడగొట్టిస్తారు."

"డ్రైవర్ల సంగతి వాళ్ల ఇళ్లల్లో వాళ్లు చూసుకుంటారు," అంది అక్క. ఆ మాట నోరు దాటాక తనే తల దించుకుంది. మళ్లీ ఎత్తినప్పుడు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "అమ్మ మంచం పట్టినప్పుడు నువ్వు ఎక్కడో సరిహద్దులో ఉన్నావు. రావడానికి వీలు కాలేదన్నావు. నేనేమన్నా అన్నానా? ఎత్తి కూర్చోబెట్టింది ఆయన. స్నానం చేయించింది నేను. ఊరంతా నీ ఫోటో చూసి మెచ్చుకుంటుంటే నేనూ మెచ్చుకున్నాను. ఒక్కనాడు నిన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను."

మేజర్ పిట్టగోడ దాకా నడిచింది. వెనక్కి వచ్చింది. మళ్లీ నడిచింది.

"తిరక్కు," అంది అక్క. "నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"బావకి చెప్పేద్దాం. ఆయనే ఏం చెయ్యాలో చూసుకుంటాడు. ముందే తెలిస్తే ఇంకో చోట వెతుక్కోవచ్చు."

"వద్దు. ఆ నడుముతో, ఆ వయసులో, కొత్త చోట ఎవరు తీసుకుంటారు? నువ్వు చెప్పకు. సమయం చూసి నేను చెప్తాను."

"ఏమని?"

"ఏదో ఒకటి. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆయనకి ఏ అబద్ధం అరుగుతుందో నాకు తెలుసు."

కింద గేటు చప్పుడయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బావ వచ్చే వేళ కాదది. ఎండ ఇంకా డాబా మీదే ఉంది.

* * *

"ఎవరూ లేరా ఇంట్లో? మేజరూ."

వాళ్లు దిగేసరికి బావ హాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. నడుము బెల్టు విప్పి భుజాన వేసుకున్నాడు. చేతిలో మిఠాయి పెట్టె ఉంది.

"ఇంత తొందరగా వచ్చారేం?" అంది అక్క.

"వాళ్లే వెళ్లమన్నారు. నోరు తెరువు ముందు."

మిఠాయి ముక్క తీసి భార్య నోట్లో పెట్టాడు. ఇంకోటి మరదలి చేతిలో పెట్టాడు. పొద్దున్న లేని హుషారు ఆయన నడకలో ఉంది.

"ఇన్నాళ్లకి వాళ్ల బుర్రకెక్కింది, అంత గోదాము ఒక్కడు చూసుకోలేడని. నాకు ఒక మనిషిని ఇస్తున్నారు. సోమవారం నుంచి వస్తారట. పక్కన కూర్చోబెట్టుకుని పనంతా చూపించు, డ్రైవర్లని, దారుల్ని, అన్నీ పరిచయం చెయ్యి అన్నారు. అంటే ఏమిటి? నన్ను పైకి పంపుతున్నారనేగా."

మేజర్ చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది.

"సోమవారమా? ఖాయమయిందా బావా?"

"మధ్యాహ్నమే ఒప్పుకున్నారట. ఎవరో ఉద్యోగాలిప్పించేవాళ్లు ఫోన్ చేసి చెప్పారట, మా పెద్దాయన నా ముందే మాట్లాడాడు."

మధ్యాహ్నం. అంటే ఆమె మెట్లు దిగిన వెంటనే. కన్సల్టెంటు మాట్లాడతానన్నాడు, మాట్లాడాడు. ఏం చెప్తాడో మాత్రం ఆమెతో అనలేదు.

"అసలు విశేషం వినలేదు మీరు," అని బావ కుర్చీ చేతి మీద కూర్చున్నాడు. "వచ్చేది మిలిటరీ నుంచే. మేజర్ ర్యాంకట. మా మరదలూ మేజరేనండీ అన్నాను. ఆయన అదోలా చూసి, ఇంకేదో పనుందని వెళ్లిపోయాడు. నీకు తెలిసే ఉంటుంది కదా మేజరూ. ఎలాంటి మనిషో కాస్త చెప్పావంటే నేను జాగ్రత్తగా ఉంటాను."

"దానికెలా తెలుస్తుంది?" అక్క అందుకుంది. నోట్లో మిఠాయి వల్ల మాట ముద్దగా వచ్చింది. "మిలిటరీ అంటే మన వీధా, అందరూ అందరికీ తెలియడానికి? కాళ్లు కడుక్కోండి, టీ పెడతాను."

"అడగడంలో తప్పేముంది?"

"తెలుసు బావా," అంది మేజర్.

అక్క వంటింటి వైపు వెయ్యబోయిన అడుగు వెయ్యలేదు.

"చూశావా, చెప్పానా," అన్నాడు బావ భార్యతో. "ఎవరు? మంచివాడేనా?"

"నేనే. కానీ నీకు సాయానికి కాదు బావా. నీ సీటుకే నన్ను చూశారు. ఆదివారం తెలిసింది. నేను రానన్నాను. ఇవాళ కూడా వెళ్లి రానని చెప్పి వచ్చాను. అయినా ఒప్పుకున్నానని వాళ్లకి చెప్పేశారు."

బావ పెద్దగా నవ్వాడు. మరదళ్ల వేళాకోళం ఆయనకి అలవాటే. తొడ చరుచుకుని నవ్వాడు. ఇద్దరిలో ఒకరైనా కలుస్తారని చూశాడు. ఎవరూ కలవలేదు. నవ్వు ముఖం మీద కొంతసేపు అలాగే ఉండి, దానంతట అదే వెళ్లిపోయింది.

ఆయన మిఠాయి పెట్టె మూత పెట్టాడు. అది సరిగ్గా పడిందో లేదో వేలితో నొక్కి చూశాడు. అప్పుడు భార్య వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

అక్క నోట్లో మిఠాయి ఇంకా ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

"ఇప్పుడే, డాబా మీద చెప్పాను," అంది మేజర్. "అక్కకి అప్పటిదాకా ఏమీ..."

"నిన్నడగలేదు," అన్నాడు బావ, మెల్లగా. ఆయన ఆమెతో అలా మాట్లాడడం అదే మొదటిసారి. "నేను గుమ్మంలోకి వచ్చినప్పుడు, నీ నోట్లో ఇది పెట్టినప్పుడు, నీకు తెలుసా?"

అక్క చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, చెయ్యి అందించమన్న వేడుకోలు ఉందో మేజర్‌కి అర్థం కాలేదు. లెమ్మని ఎవరూ చెప్పకుండానే బావ కుర్చీ చేతి మీద నుంచి లేచాడు. భుజాన ఉన్న బెల్టు తీసి నడుముకి మళ్లీ బిగించుకోవడం మొదలుపెట్టాడు.